అమ్మ పెట్టెకు ఏ చిప్పు?



ఈ నెల "మన చేతిపని" పుటలో కొంచెము క్రొత్త సంగతి వ్రాస్తున్నాము. పాటలు, మాటలు వినిపించే పెట్టెను మనమే ఇంట్లో చేసుకోవాలంటే దానిలో మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్పు ఒకటి పెట్టవలసి వస్తుంది. అంగడికి వెళ్లి అడిగితే పది రకాలు చూపిస్తారు. వాటిలో ఏది తీసుకోవాలి? ఇదే ఈ నెల మన ప్రశ్న.

"ఇది పట్నపు పిల్లల సంగతి, మాకెందుకు?" అని పుట త్రిప్పివేయకండి. పాలిటెక్నిక్‌లో చదివే పిల్లలు ఇప్పుడు పల్లెలలోను ఉన్నారు. వారు నేర్చుకుంటున్న విద్య ఇంట్లోని పెద్దవారికి ఎట్లా ఉపయోగపడుతుందో, డబ్బు ఎక్కడ వృథా అవుతుందో, మా ఇంట్లో జరిగిన సంగతి ద్వారానే చెబుతాము.

అమ్మ కోరిక

మేము ఉండేది సికింద్రాబాదు మెట్టుగూడలో. రైళ్ల కూతలతో తెల్లవారే పేట ఇది. మా అమ్మకు ఎనభై దాటినవి. పశ్చిమ గోదావరిలోని మా పల్లె విడిచి మా దగ్గరకు వచ్చి ఆరేళ్లయింది. నీటికాసుల జబ్బు వలన చూపు క్రమక్రమముగా తగ్గి, ఇప్పుడు రెండు కళ్లూ కనబడవు. చెవులు మాత్రము బాగున్నవి.

మా అన్నయ్య 1984లో కువైట్ వెళ్లాడు. ఆ రోజులలో గోదావరి జిల్లాల నుండి, కడప నుండి గల్ఫ్ వెళ్లినవారు ఉత్తరములతోపాటు క్యాసెట్లు కూడ పంపేవారు. ఫోను చేయడము ఖరీదైన పని. అందుచేత టేపురికార్డరు ముందు కూర్చుని, ఎదురుగా అమ్మ ఉన్నట్లే మాట్లాడి, సెలవు మీద ఊరికి వచ్చేవారి చేతికిచ్చి పంపేవారు. అన్నయ్య క్యాసెట్టు వచ్చిన రోజున మా అరుగు మీద సగము వీధి కూర్చునేది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యము కువైట్‌ను ఆక్రమించినప్పుడు అన్నయ్య ఉన్నదంతా అక్కడే విడిచిపెట్టి, వేలాది మంది మనవారితోపాటు జోర్డాన్ దేశపు అమ్మాన్ నగరము మీదుగా విమానములో తిరిగివచ్చాడు. ఆ తరువాత మన ఊరిలోనే ఉండి 2011లో కన్నుమూశాడు. అతడు పంపిన పద్నాలుగు క్యాసెట్లు మాత్రము అమ్మ ట్రంకుపెట్టెలో ఉన్నవి.

ఆ పాత టేపురికార్డరులోని రబ్బరు బెల్టు మెత్తబడి జిగురులాగ అయిపోయింది. బెల్టు మార్పించి, క్యాసెట్లన్నిటినీ ఒకసారి కంప్యూటరులోనికి ఎక్కించి, అక్కడనుండి ఫోనులో వేసి అమ్మకు ఇచ్చాము. గొప్ప పని చేశామనుకున్నాము. అయితే కళ్లు లేనివారికి నున్నని అద్దము మీద ఎక్కడ నొక్కాలో ఎట్లా తెలుస్తుంది? ప్రతిసారీ కోడలిని పిలిచి, "అమ్మాయీ, వాడి మాటలు కాస్త పెట్టవూ" అని అడగాలి. కొన్నాళ్లకు అడగడము మానివేసింది. ఎందుకమ్మా అని అడిగితే ఇట్లా అన్నది:

"రోజూ మిమ్మల్ని పిలవాలంటే నాకే బాగుండదు. వాడి గొంతు విన్నాక నాకు ఏడుపొస్తుంది. మీరంతా పనులు మానుకుని నా చుట్టూ చేరతారు. నా అంతట నేనే పెట్టుకుని వినగలిగితే ఎంత బాగుండునో."

ఆ మాట విని ఆ రాత్రి మాకు అన్నము సయించలేదు.

మా తొందరపాటు

మా అబ్బాయి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతున్నాడు. "నానమ్మకు పెట్టె నేను చేస్తాను, డబ్బులివ్వండి నాన్నా" అన్నాడు. ఇద్దరము మెట్టుగూడలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర మారి, సుల్తాన్ బజారులో దిగి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాము. రేడియో మెకానిక్కులు, మైకుసెట్లవారు సామానుల కొరకు వెళ్లేది అక్కడికే. స్పీకర్లు, తీగలు, కండెన్సర్లు, చిప్పులు అమ్మే చిన్న చిన్న అంగళ్లు వరుసగా ఉంటవి.

మావాడు అన్నిటికన్న పెద్ద అంకెలున్న బోర్డు ఎన్నుకున్నాడు. రెండు కోర్లు, 240 మెగాహెర్ట్జుల వేగము, వైఫై, బ్లూటూత్. దాని పేరు ఇ.ఎస్.పి.32–ఎస్3. ఇంట్లో ఉన్న బ్లూటూత్ స్పీకరుకు దానినుండి మాటలు పంపవచ్చునని వాడి ఆలోచన. వారము రోజులు రాత్రిళ్లు కూర్చున్నా స్పీకరు పలకలేదు. చివరకు ఆ చిప్పు తయారుచేసినవారే ఇచ్చిన వివరముల పత్రము తీసి చదివితే సంగతి తెలిసింది. ఇ.ఎస్.పి.32 అనే పేరుతో అనేక చిప్పులు ఉన్నవి. 2016లో వచ్చిన మొదటి ఇ.ఎస్.పి.32లో స్పీకర్లకు పాటలు పంపే పాత పద్ధతి బ్లూటూత్ ఉన్నది. తరువాత వచ్చిన ఎస్3, సి3 రకములలో కొద్ది విద్యుత్తుతో చిన్న చిన్న సమాచారము పంపే బ్లూటూత్ మాత్రమే ఉన్నది. దానితో మామూలు బ్లూటూత్ స్పీకరును పలికించలేము. అంగడివారి తప్పు లేదు, చిప్పు చేసినవారి తప్పు లేదు. చదువుకోకుండ కొన్న మాదే తప్పు.

ఇంత హడావిడి వింటూ మంచము మీద కూర్చున్న అమ్మ, "నాయనా, అది ఎంత గొప్పదో నాకు తెలియదు గాని, నాకు నాలుగు బొత్తాములుంటే చాలురా" అన్నది.

చేయవలసిన పని ఏమిటో అమ్మ ఒక్క మాటలో చెప్పింది. చిప్పు కొనకముందు మేము అడగవలసిన మాట అదే. అప్పుడు కాగితము తీసుకుని అమ్మ ప్రక్కన కూర్చుని, పెట్టె ఏమేమి చేయాలో వ్రాసుకున్నాము.

ఒకటి: నాలుగు బొత్తాములు ఉండాలి. అన్నయ్య మాటలకు ఒకటి, పాటలకు ఒకటి, వాక్య పఠనమునకు ఒకటి, చుట్టాలు పంపే క్రొత్త మాటలకు ఒకటి. అదే బొత్తాము మరల నొక్కితే ఆగాలి.

రెండు: కరెంటు పోయి వచ్చినా ఎక్కడ ఆగిందో ఆ దగ్గరనుండే మరల వినబడాలి.

మూడు: శబ్దము పెంచడానికి, తగ్గించడానికి పాత రేడియోకు ఉన్నట్లు గుండ్రని నాబు ఉండాలి.

నాలుగు: అమ్మ పండుగకు పల్లె వెళ్లినప్పుడు చెడిపోతే, అక్కడి రేడియో మెకానిక్కు కూడ బాగుచేయగలగాలి.

పాట పాడేవారు, నంబరు చెప్పేవారు

మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటరు. మనము వ్రాసియిచ్చిన ఆజ్ఞలను దాచుకునే చోటు, లెక్క చేసే భాగము, బయట బొత్తాములకు, దీపములకు కలిపే కాళ్లు అన్నీ దానిలోనే ఉంటవి. మన హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ డాక్టర్ ఎ.ఎస్. రావుగారి నాయకత్వములో 1967లో ఏర్పడింది. కంప్యూటర్లు దేశములోనే తయారుచేసిన తొలి సంస్థలలో అది ఒకటి. 1980లో ఇంటెల్ కంపెనీ 8051 అనే మైక్రోకంట్రోలరును విడుదల చేసింది. దానిలో ఆజ్ఞలకు 4 కిలోబైట్లు, పని చేసుకోవడానికి 128 బైట్లు మాత్రమే చోటు. ఎన్నో ఏళ్లు మన కాలేజీలలో పిల్లలు మొదట నేర్చుకున్నది దానినే. అంత చిన్న దానితోనే ఎన్నో యంత్రములు నడిచినవి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. శబ్దపు పెట్టెకు చిప్పు ఎన్నుకునేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: శబ్దము ఆ చిప్పులోనుండి వెళుతుందా, లేక ఆ చిప్పు ప్రక్కనుండి ఆజ్ఞ మాత్రమే ఇస్తుందా?

ఆరాధనలో "నూట పన్నెండవ పాట" అని ఒకరు నంబరు చెబుతారు. గాయక బృందము పాడుతుంది. నంబరు చెప్పేవారికి మంచి గొంతు ఉండనవసరము లేదు. పాట ఏదో తెలిస్తే చాలును. మన పెట్టెలో కూడ అంతే.

శబ్దమంతా చిప్పులోనుండి వెళ్లాలంటే ఎంత పని పడుతుందో లెక్క చూడండి. కాంపాక్టు డిస్కు నాణ్యతలో శబ్దమును సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కొక్క కొలతకు రెండు బైట్లు, కుడి ఎడమ రెండు వైపులకు కలిపి సెకనుకు 1,76,400 బైట్లు. ఆర్డ్వినో ఉనో బోర్డులోని ఎటిమెగా328పి చిప్పులో పని మెమరీ 2 కిలోబైట్లు. ఆ మెమరీ అంతా నింపినా సెకనులో వందవ వంతుకు కొంచెము పైగా పట్టే శబ్దమే దానిలో ఉంటుంది. దాని వేగము 16 మెగాహెర్ట్జులు. ఒక కొలతకు, మరుసటి కొలతకు మధ్య దానికి దొరికేది 363 అడుగుల వ్యవధి. ఎమ్‌పి3 పాటను విప్పి పాడించడము దానివలన కాదు.

అయితే పాడే పనిని వేరే భాగమునకు అప్పగించవచ్చును. డి.ఎఫ్. ప్లేయర్ మినీ అని బొటనవ్రేలంత బోర్డు దొరుకుతుంది. 32 గిగాబైట్ల వరకు మెమరీకార్డు దానిలో పెట్టవచ్చును. ఎమ్‌పి3 విప్పడము, చిన్న స్పీకరును పలికించడము అన్నీ అదే చేసుకుంటుంది. మైక్రోకంట్రోలర్ దానికి "మొదటి అర, ఏడవ భాగము పాడు" అని ఒక తీగ మీద చెబితే చాలును. నంబరు చెప్పే పని గనుక చిన్న చిప్పు సరిపోతుంది.

చిన్నదే ఎందుకు మేలైనది

చిన్న చిప్పు సరిపోవడమే గాక, అమ్మ పనికి అదే మేలైనదని తరువాత తెలిసింది.

అమ్మ అడిగిన రెండవ సంగతి చూడండి. కరెంటు పోయినా జ్ఞాపకముండాలి. ఎటిమెగా328పి లోపల ఈప్రామ్ అనే 1 కిలోబైటు చోటు వేరుగా ఉన్నది. కరెంటు పోయినా అక్కడ వ్రాసినది చెరిగిపోదు. రాస్‌ప్బెర్రీ పై పికో, ఇ.ఎస్.పి.32 వంటి పెద్ద చిప్పులలో ఇట్టి ప్రత్యేకమైన చోటు లేదు. ఆజ్ఞలు ఉండే ఫ్లాష్ మెమరీలోనే ఒక మూల వ్రాసుకోవాలి. చేయవచ్చును గాని, రెండు బైట్లు మార్చడానికి పికోలో 4 కిలోబైట్ల గది మొత్తము చెరిపి మరల వ్రాయవలసి ఉంటుంది.

అయితే ఈప్రామ్‌లో కూడ ఒక హద్దు ఉన్నది. ఒక్కొక్క చోట లక్షసార్లు వ్రాయడానికి తయారీదారులు హామీ ఇస్తారు. మేము క్యాసెట్లను ఐదేసి నిమిషముల ముక్కలుగా కోశాము. ముక్క మారినప్పుడల్లా చిప్పు దాని నంబరు వ్రాసుకుంటుంది. అమ్మ రోజుకు నాలుగు గంటలు వింటే 48 సార్లు వ్రాయాలి. ఆ లెక్కన ఒకే చోట వ్రాస్తే ఐదున్నర ఏళ్లు దాటిన తరువాత లక్ష నిండుతుంది. అందుచేత పది చోట్ల వంతులవారీగా వ్రాసేటట్లు మావాడు మార్చాడు. ఇప్పుడు యాభై ఏళ్లకు పైగా సరిపోతుంది.

ఇక మూడవది, నాబు. ఆ చిప్పు నాబు తిరిగిన మేరను 0 నుండి 1023 వరకు అంకెలుగా చదవగలదు. ప్లేయరులో శబ్దపు మెట్లు 30 మాత్రమే. ఇంతకు మించిన సున్నితము అక్కరలేదు.

నాలుగవది, బాగుచేయడము. ఎటిమెగా328పి 28 కాళ్ల పెద్ద రూపములో కూడ దొరుకుతుంది. దానిని సాకెట్టులో గ్రుచ్చవచ్చును. చెడితే ఊడదీసి, అదే ప్రోగ్రాము వేసిన మరొక చిప్పు గ్రుచ్చితే సరి. టంకముతో పని లేదు. మేము అట్లా రెండవ చిప్పు ఒకటి చేసి, చిన్న డబ్బాలో పెట్టి, పెట్టె మూతకు లోపలివైపు అంటించాము. పల్లెలోని రేడియో మెకానిక్కు చూచినా తెలుసుకునేటట్లు తీగల పటము కూడ కాగితము మీద గీసి పెట్టాము.

కొందరు రాస్‌ప్బెర్రీ పై అనే పూర్తి కంప్యూటరు బోర్డు పెట్టండి అన్నారు. అది మంచి బోర్డే. కాని కరెంటు వచ్చిన తరువాత అది మేలుకోవడానికి కొంతసేపు పడుతుంది. పని మధ్యలో కరెంటు హఠాత్తుగా పోతే మెమరీకార్డులోని ఫైళ్లు చెడే ప్రమాదము కూడ ఉన్నది. రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయే పల్లెకు అది తగదనుకున్నాము.

చేసేటప్పుడు నేర్చుకున్నవి

మొదటి రోజు అమ్మ బొత్తాము ఒకసారి నొక్కితే పెట్టె పలికి ఆగి మరల పలికింది. "ఏమిటిరా, వాడికి నత్తి వచ్చింది" అన్నది అమ్మ. బొత్తాములోని రేకులు తగిలినప్పుడు కొన్ని వేయవ వంతుల సెకను పాటు ఎగిరెగిరి తగులుతవి. మన చేతికి అది తెలియదు. చిప్పు మాత్రము ప్రతి తాకిడిని ఒక నొక్కుగా లెక్కపెడుతుంది. నొక్కు తెలిసిన తరువాత ఒక సెకనులో ఇరవయ్యవ వంతు ఆగి మరల చూడమని ఆజ్ఞ వ్రాస్తే సరిపోయింది.

రెండవది, స్పీకరులో టిక్కు టిక్కుమనే శబ్దము, సన్నని కూత వినబడినవి. చిప్పునుండి ప్లేయరుకు ఆజ్ఞ వెళ్లే తీగలో 1 కిలోఓము రెసిస్టరు పెడితే టిక్కులు తగ్గినవి. ప్లేయరు పని చేసేది 3.3 వోల్టుల సంకేతముతో, ఎటిమెగా పంపేది 5 వోల్టులతో గనుక ఆ రెసిస్టరు ఎట్లాగైనా ఉండవలసినదే. కూత మాత్రము నాసిరకపు ఫోను ఛార్జరునుండి వచ్చింది. మంచి ఛార్జరు మార్చి, ప్లేయరు దగ్గర 1000 మైక్రోఫారడ్ల కండెన్సరు, చిప్పు కాళ్ల దగ్గర 0.1 మైక్రోఫారడ్ కండెన్సరు పెట్టాము. శబ్దము శుభ్రమైంది. చిప్పు ఎంత మంచిదైనా, దానికి ఇచ్చే కరెంటు మంచిది కాకపోతే పెట్టె బాగా పలకదు.

మూడవది, నాబు కదపకపోయినా శబ్దము కొంచెము పెరిగి కొంచెము తగ్గుతూ ఉండేది. నాబు రెండు మెట్ల సరిహద్దు మీద నిలిచినప్పుడు అంకె అటూ ఇటూ ఊగుతుంది. అంకె బాగా మారితేనే మెట్టు మార్చమని వ్రాసిన తరువాత ఆ బాధ పోయింది.

ఇవేవీ వేగమైన చిప్పు కొంటే తీరే కష్టములు కావని గమనించండి. కూర్చుని ఓపికగా వెతికితే తీరినవి.

మీ పని వేరైతే

అందరికీ ఇదే చిప్పు సరిపోతుందని మేము చెప్పడము లేదు. పనిని బట్టి చూడండి.

పాటలు వరుసగా వినబడితే చాలు, జ్ఞాపకముతో పని లేదు అనేవారికి మైక్రోకంట్రోలరే అక్కరలేదు. ఆ ప్లేయరు బోర్డుకే బొత్తాములు నేరుగా కలిపి ముందుకు, వెనుకకు, హెచ్చు, తగ్గు చేసుకోవచ్చును. లేని అవసరమునకు ఖర్చు ఎందుకు?

ఇంట్లో ఉన్న బ్లూటూత్ స్పీకరుకు పాట పంపాలన్నా, ఫోనులోని పాటను పాత ఆంప్లిఫయరుకు ఎక్కించాలన్నా ఇ.ఎస్.పి.32 తీసుకోండి. అయితే మొదటి రకమే తీసుకోండి. ఎస్3, సి3 అనే అక్షరములు ప్రక్కన ఉంటే ఈ పనికి తీసుకోవద్దు.

ఇక సభల పందిళ్ల సంగతి. పందిరి పొడవుగా ఉన్నప్పుడు వెనుక కూర్చున్న స్త్రీలకు, వృద్ధులకు మాట రెండుసార్లు వినబడి, ఒక్కటీ అర్థము కాదు. కారణమేమంటే, శబ్దము గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. తీగలో వెళ్లే సంకేతము క్షణములో చేరుతుంది. 34 మీటర్ల దూరములో పెట్టిన స్పీకరు వెంటనే పలుకుతుంది, ముందున్న స్పీకరు శబ్దము సెకనులో పదవ వంతు ఆలస్యముగా చేరుతుంది. రెండూ కలిసి మాట చెదిరిపోతుంది. వెనుక స్పీకరును ఆ పదవ వంతు ఆపి పలికిస్తే మాట ఒక్కటిగా వినబడుతుంది.

దీనికి శబ్దము చిప్పులోనుండి వెళ్లక తప్పదు. సెకనులో పదవ వంతు శబ్దమును దాచిపెట్టాలంటే ఒక్క వైపుకే 8,820 బైట్లు కావాలి. 2 కిలోబైట్ల ఎటిమెగా దీనికి చాలదు. 2021 జనవరిలో 4 డాలర్ల ధరకు విడుదలైన రాస్‌ప్బెర్రీ పై పికోలో 264 కిలోబైట్లు ఉన్నవి గనుక మెమరీకి లోటు లేదు. అయితే శబ్దమును లోపలికి తీసుకునే బోర్డు ఒకటి, బయటికి పంపే బోర్డు ఒకటి వేరుగా కలిపి, ఆజ్ఞలు జాగ్రత్తగా వ్రాసుకోవాలి. 2019లో వచ్చిన టీన్సీ 4.0 ఖరీదు ఎక్కువ గాని, వేగము 600 మెగాహెర్ట్జులు, మెమరీ 1 మెగాబైటు. శబ్దమును ఆలస్యము చేయడము వంటి పనులకు సిద్ధముగా వ్రాసిన ఆజ్ఞలు దానితోపాటు దొరుకుతవి. లోపలికి, బయటికి రెండింటికీ కలిపి ఒకే శబ్దపు బోర్డు కూడ ఉన్నది. డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ ఉన్నవారికి పికో. త్వరగా పూర్తికావాలంటే టీన్సీ. ఇట్టి పనికి పెద్ద చిప్పు కొనడము దుబారా కాదు. మైకుసెట్టు ఆంప్లిఫయరును మాత్రము విప్పవద్దు. లోపల ప్రాణము తీసే కరెంటు ఉంటుంది. బయటి తీగల దగ్గరే మీ పెట్టెను కలపండి.

పిల్లలు నేర్చుకోవడానికే కొనేటట్లయితే మన దేశపు చిప్పు కూడ ఒకటి ఉన్నది. కేంద్ర ప్రభుత్వపు సి–డాక్ సంస్థవారు రూపొందించిన తేజస్32 అనే చిప్పుతో ఏరీస్ అనే బోర్డులు వచ్చినవి. వేగము 100 మెగాహెర్ట్జులు, మెమరీ 256 కిలోబైట్లు.

అమ్మ పెట్టె

పాత చెక్క డబ్బాకు స్పీకరు బిగించి, ముందు నాలుగు బొత్తాములు పెట్టాము. ఏది ఏదో వ్రేలికి తెలియాలి గదా! పాటల బొత్తాము మీద కందిబద్ద అంటించాము. పఠనపు బొత్తాము మీద చొక్కా గుండీ, చుట్టాల మాటల బొత్తాము ఉత్తది. అన్నయ్య బొత్తాము మీద ఏమి పెట్టమంటావని అడిగితే, "చింతగింజ పెట్టండి. చిన్నప్పుడు వాడు ఎప్పుడూ వాటితోనే ఆడేవాడు" అన్నది.

కొన్ని దినముల తరువాత తెల్లవారుఝామున మొదటి రైలు కూత కూడ కాకముందే మాకు మెలకువ వచ్చింది. అమ్మ గదిలో బొత్తాము నొక్కిన చప్పుడు. తరువాత సన్నగా అన్నయ్య గొంతు. "అమ్మా, ఇక్కడ ఎండలు బాగా ముదిరినవి. నేను బాగానే తింటున్నాను, నువ్వు దిగులు పడకు" అంటున్నాడు. నాబు తిప్పి శబ్దము తగ్గించుకున్నది, మేము లేస్తామని కాబోలు.

మేము లేవలేదు. అమ్మ కోరుకున్నది అదే గదా.

ఉదయము కాఫీ ఇస్తూ మా ఇంటివారు, "రాత్రి నిద్ర పట్టిందా అత్తయ్యా?" అని మాత్రము అడిగారు. "బాగా పట్టిందమ్మా" అన్నది అమ్మ.

చదువరులారా, మీ ఇంటి పిల్లలు ఇట్టి పని మొదలుపెడితే అంగడికి పంపకముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఎవరి కొరకు చేస్తున్నావు? శబ్దము చిప్పులోనుండి వెళుతుందా, చిప్పు ఆజ్ఞ మాత్రమే ఇస్తుందా? కరెంటు పోతే ఏమి జ్ఞాపకముండాలి? చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? ఈ నాలుగింటికి జవాబు కాగితము మీద వ్రాసిన తరువాత, ఆ చిప్పు తయారీదారుల వివరముల పత్రము చదివి, అప్పుడు డబ్బివ్వండి. అన్నిటికన్న ముఖ్యముగా, పెట్టె ఎవరి కొరకో వారి ప్రక్కన కూర్చుని అడగండి. మేము ఆ పని ముందే చేసియుంటే వారము రోజుల శ్రమ, ఒక బోర్డు ఖరీదు మిగిలేవి. ఆ బోర్డు పాడైపోలేదు లెండి. వాడి బల్ల సొరుగులో తగిన పని కొరకు ఎదురుచూస్తున్నది.

మీ ఇంట్లో కూడ పాత క్యాసెట్లు ఉంటే ఆలస్యము చేయకండి. టేపు ఏటేటా పాడవుతూనే ఉంటుంది. ముందు వాటిని కంప్యూటరులోనికి ఎక్కించి రెండుచోట్ల భద్రపరచుకోండి. పెట్టె తరువాత నిదానముగా చేసుకోవచ్చును.

మరల వచ్చే నెల కలుసుకొందాము. అంతవరకు సెలవు.